ఇంట్లో కూర్చుని కుట్టేదేగా అంటారు, మరి కూలి ఎవరిస్తారు?

యూట్యూబ్ తెరిస్తే చాలు, మీ హాబీతో ఇంటి నుంచే నెలకి యాభై వేలు సంపాదించండి అని ఒకటే గోల. మగ్గం వర్క్, చీర కుచ్చులు, సిల్క్ థ్రెడ్ గాజులు, కేకులు, ఏదైనా సరే. ఇన్‌స్టాలో పేజీ ఎలా పెట్టాలి, ఫొటో ఏ వెలుతురులో తీయాలి, లోన్ ఎక్కడొస్తుంది, అన్నీ చెప్తారు. రేటు ఎలా కట్టాలో మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పరు. నన్నడిగితే మన ఇళ్లల్లో మొదలైన చిన్న బిజినెస్‌లు మూతపడేది అక్కడే.

మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్ళికి ముందు సరదాగా నేర్చుకుంది, ఇప్పుడు హాల్లో సోఫా తీసేసి ఫ్రేమ్ వేసుకుంది. మొన్న వెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చూశా. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో సన్నగా చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పౌడర్‌ని దూదితో అద్దితే బట్ట మీద చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పని. పై నుంచి ఆరీ సూది (కొసకి చిన్న కొక్కెం ఉండే సూది) దిగుతుంది, ఫ్రేమ్ కింద ఎడమచెయ్యి దారం అందిస్తుంది, ఒక్కో పూసా అలా ఎక్కాల్సిందే. ఒక చెయ్యి పట్టీ అయ్యేసరికి మెడ పట్టేసిందని లేచి గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ బ్లౌజుకి ఎంత తీసుకుంటున్నావే అంటే 2,000 అంది. ఒక కాగితం తీసుకుని ఇద్దరం లెక్కేశాం. జర్దోసి, కట్ దానా, కుందన్లు, దారాలు అన్నీ కలిపి 650. మిగిలింది 1,350. తీసుకెళ్ళేటప్పుడు కస్టమర్ "ఇంట్లో కూర్చుని చేసేదేగా అక్కా, కొంచెం చూసి చెప్పు" అని 200 తగ్గించింది, అంటే 1,150. పట్టిన టైమ్ ఎంత అంటే తనకే తెలీదు, రాత్రి పిల్ల పడుకున్నాక, మధ్యాహ్నం కుక్కర్ పెట్టి, ఇలా ముక్కలు ముక్కలుగా చేసింది కాబట్టి. ఎలాగోలా గుర్తు చేసుకుంటే 32 గంటలు తేలింది. గంటకి 36 రూపాయలు. ఎనిమిది గంటల రోజు లెక్కన చూస్తే 290 కూడా లేదు. 2024-25లో ఉపాధి హామీ పనికి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 300. ఇందులో మెటీరియల్ కోసం జనరల్ బజార్ తిరిగిన ఆటో ఖర్చు, వాట్సాప్‌లో "ఈ కలర్ కాదు అక్కా ఇంకొంచెం డార్క్" అంటూ పోయిన గంటలు కలపనే లేదు!

మెటీరియల్ పోను మిగిలిందంతా లాభం అనుకుంటుంది మా చెల్లి. అందులో లాభం ఎక్కడుంది, అదంతా తన కూలి, అది కూడా తక్కువ కూలి.

అందరూ లిజ్జత్ పాపడ్ కథ చెప్తారు కదా, 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు చేసి మొదలుపెట్టారని. అక్కడ నాకు నచ్చే విషయం ఆ 80 రూపాయలు కాదు. అప్పడాలు వత్తినందుకు కిలోకి ఇంత అని వత్తుడు కూలి లెక్కకట్టి ఇచ్చేస్తారు, లాభం లెక్క మళ్ళీ వేరే. ఒకే మనిషి అటు పనిచేసే మనిషీ ఇటు యజమానీ అయినా సరే రెండు ఖాతాలు. మనవాళ్లు ఈ ఒక్క ముక్క వదిలేసి మిగతా కథంతా చెప్తారు.

రేటు పెంచితే కస్టమర్ పోతారు, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అందులో సగానికే వస్తుంది, ముందు పేరు రానీ తర్వాత పెంచుకోవచ్చు అంటారు కొందరు. కస్టమర్లు పోతారు, నిజమే, కొందరు పోవాలి కూడా. మిషన్‌తో రేటులో పోటీపడి చేత్తో కుట్టేవాళ్లు గెలిచేది ఎప్పుడూ లేదు. ఇక తక్కువకి చేసి తెచ్చుకున్న పేరు "తక్కువకి చేస్తుంది" అనే పేరే, దాంతో రేటు ఎలా పెరుగుతుంది?

అసలు ఈ "ఇంట్లో కూర్చుని" అనే మాట ఇవాళ్టిది కాదు. నర్సాపురం లేసు చూడండి. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన అల్లిక, గోదావరి జిల్లాల ఆడవాళ్ల చేతుల మీదుగా విదేశాలకి వెళ్ళింది, 2024లో ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకుగా జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. 1970ల చివర్లో జర్మన్ సోషియాలజిస్ట్ మరియా మీస్ అక్కడికొచ్చి చూసి, 1982లో ఏకంగా పుస్తకమే వేశారు. ఆవిడ చూసిందేంటంటే, వీళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లి, దాని పైన ఇంటి చాకిరీ చేసి, పొలం కూలీ ఆడవాళ్ల కంటే తక్కువ సంపాదిస్తున్నారు, ఎగుమతి వ్యాపారులు మాత్రం మేడలు కట్టారు. ఎందుకలా? వీళ్లు కార్మికులు కాదు, ఖాళీ టైమ్‌లో అల్లుకునే గృహిణులు, అని అందరూ అనుకున్నారు, చివరికి ఆ అల్లేవాళ్లు కూడా. ఆ ఒక్క మాటతో కూలి సగానికి సగం కోసేశారు. అప్పట్లో ఆ మాట ఏజెంట్ అన్నాడు, ఇప్పుడు కస్టమర్ అంటోంది, అంతే తేడా.

ఖాళీ టైమట! 2019 ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకి దానికే రోజుకి 299 నిమిషాలు పోతోంది, మగవాళ్లలో చేసేవాళ్లకి 97. ఐదు గంటలు వంటింటికి పోయాక, నిద్రలోంచి కోసుకొచ్చిన గంటల్ని మనం తీరిక అంటున్నాం. ఇంటి నుంచి పనిచేసే కార్మికుల కోసం ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 1996లోనే 177వ ఒప్పందం తెచ్చింది, మన దేశం ఇప్పటిదాకా దాన్ని ఆమోదించలేదు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకో, ముద్ర లోన్ తీసుకో అంటారు, మంచిదే, కానీ గంటకి 36 రూపాయలొచ్చే పనికి లోన్ తీసుకుంటే ఆ వడ్డీ కూడా నిద్రలోంచే కట్టాలి.

ఆ లెక్క చూశాక మా చెల్లి ఫ్రేమ్‌కి ఒక చిన్న నోట్‌బుక్ కట్టింది, కూర్చున్నప్పుడు టైమ్, లేచినప్పుడు టైమ్ రాస్తోంది. అదే డిజైన్ ఇప్పుడు 3,200 చెప్తోంది. పాత కస్టమర్లలో ముగ్గురు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు, ఎదురింటావిడ అయితే పలకరించడమే మానేసింది. మొన్న ఆదివారం వెళ్ళేసరికి మా బావగారు పిల్ల స్కూల్ అడ్మిషన్ ఫారం నింపుతున్నారు. తల్లి వృత్తి అన్నచోట హౌస్‌వైఫ్ అని రాసి పక్కపేజీకి వెళ్ళిపోయారు. మా చెల్లి చూడలేదు, తల వంచుకుని పూసలు ఎక్కిస్తోంది.