సవరణ: రన్‌ఫ్లాట్ టైరు, ఆ 80 కిలోమీటర్ల మాట

బీఎండబ్ల్యూ సెడాన్ల టైర్ల మీద మొన్నటి పోస్టులో "రన్‌ఫ్లాట్ టైరు పంక్చరైనా 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు" అని ఉంది. ఆ వాక్యాన్ని ఈ సవరణతో కలిపి చదవండి. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేలా పక్కగోడ గట్టిగా చేసిన టైరు.

80 అనేది పైహద్దు, హామీ కాదు. వేగం కూడా గంటకు 80 దాటకూడదు. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా లగేజీ ఉంటే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. గాలి పోయాక బండి బరువు మోసేది టైరు పక్కగోడే. నడిచేకొద్దీ అది వేడెక్కి లోపల దెబ్బతింటుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. అలా నడిపిన టైరుకు ప్యాచ్ వేయించి మళ్లీ హైవే ఎక్కడానికి నేను ససేమిరా ఒప్పుకోను. మార్చేయండి.

ఇంకో సంగతి, ఇదే అసలైనది. కుదుపులు తగ్గుతాయని, ఖర్చు కలిసొస్తుందని కొందరు రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలు టైర్లు వేయిస్తారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు టైరు పక్కన ఆర్‌ఎస్‌సీ (RSC) లాంటి రన్‌ఫ్లాట్ గుర్తు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గాలి హెచ్చరిక వెలగగానే మెల్లగా పక్కకు తీసి ఆపాల్సిందే. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ రాదు. రాత్రిపూట సూర్యాపేట దాటాక ఆ టెన్షన్ పడకుండా, స్టెప్నీ, జాకీ ముందే డిక్కీలో పెట్టించుకోండి.