కాగితం వాడితే అడవి పోతుందా? ఒకసారి మా సారపాక వైపు రండి

ఈ నెల కూడా ఫోన్‌కి అదే మెసేజ్ వచ్చింది. పేపర్ బిల్లు మానేయండి, చెట్లను కాపాడండి అని. అది చదివినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. ఆయన నాలుగెకరాల్లో జామాయిల్ (యూకలిప్టస్) వేసింది నరికి అమ్ముకోవడానికే. కాగితం, అట్ట కొనేవాళ్లు లేకపోతే ఆ నాలుగెకరాల్లో ఒక్క చెట్టు కూడా ఉండేది కాదు. మళ్లీ పత్తే ఉండేది.

మాది పాల్వంచ దగ్గర పల్లె. భద్రాచలం వెళ్లే దారిలో గోదావరి వంతెనకు ఇవతల సారపాక వస్తుంది, ఐటీసీ వాళ్ల కాగితం, అట్టల ఫ్యాక్టరీ అక్కడే ఉంది. మా వైపు నుంచి రాముడి గుడికి వెళ్లే వాళ్లు ఆ ఫ్యాక్టరీ మీదుగానే వెళ్తారు, కర్ర లోడు లారీలను చూస్తారు. "పాపం, ఎన్ని చెట్లో" అనుకుంటూ వంతెన దాటేస్తారు. ఆ కర్ర ఎక్కడిదో అడిగేవాళ్లు తక్కువ.

ఈ ఫ్యాక్టరీ నడిపే భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీని ఐటీసీ 1975లో పెట్టింది. 1979లో ఉత్పత్తి మొదలైంది. 2002లో అది మాతృ కంపెనీలోనే కలిసిపోయింది. ఆ చోట గోదావరి నీళ్లున్నాయి, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు దగ్గర, చుట్టూ వెదురు అడవి. అంటే మొదట్లో ఆ మెసేజ్‌లో అన్న మాట నిజమే. అప్పట్లో మన కాగితం మిల్లులు చాలావరకు అడవి వెదురు మీదే నడిచాయి. మిల్లులకు గవర్నమెంటు వెదురు చౌకగా ఇచ్చిన చాలా చోట్ల బుట్టలల్లుకునే మేదరోళ్లకు వెదురు దొరక్కుండా పోయింది. ఆ నష్టాన్ని ఎవరూ కాదనకూడదు.

1988 జాతీయ అటవీ విధానం ఈ లెక్క మార్చింది. మీకు కావలసిన కలపను రైతులతో పెంచించుకోండి, చౌకగా అడవి ఇవ్వం అని పరిశ్రమలకు చెప్పింది. నా దృష్టిలో మన కాగితం చరిత్రలో అంతకంటే పెద్ద మలుపు లేదు. ఆ మరుసటి ఏడాదే భద్రాచలంలో క్లోన్ మొక్కల మీద పని మొదలైంది. విత్తనంతో వేసిన జామాయిల్ తోటలో ఒక చెట్టు లావుగా, పక్కది సన్నగా, ఇంకోటి వంకరగా పెరిగేది. అందుకని అన్నిటికంటే బాగా పెరిగిన చెట్టును ఎంచి, దాని చిగురు కొమ్మలకు తడి గదుల్లో వేళ్లు పట్టించి, ఆ మొక్కల్నే పొలాల్లో నాటించారు. దిగుబడి రెండు మూడు రెట్లు పెరిగింది. నాలుగైదేళ్లకే కోతకు వస్తుంది, నరికిన మోడు నుంచి మళ్లీ పంట వస్తుంది. సుబాబుల్, సరుగుడు కూడా ఇలాగే పొలాల్లోకి వచ్చాయి. ఇప్పటిదాకా ఇలాంటి తోటలు 10 లక్షల ఎకరాలు దాటాయని కంపెనీ చెబుతోంది.

ఇక మిల్లు లోపల జరిగే పని. చెక్కు తీసిన కర్రను చిన్న ముక్కలు కొట్టి, డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో ఉడికిస్తారు. నారను పట్టి ఉంచే జిగురు పదార్థం కరిగి నల్లటి ద్రావణంగా విడిపోతుంది, మిగిలిన నారే గుజ్జు. ఆ నల్ల ద్రావణాన్ని పారబోయరు. చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి, రసాయనాలూ తిరిగి చేతికొస్తాయి. కర్రలోని సగం సరుకు ఇలా ఇంధనమవుతుంది. గుజ్జును తెల్లగా చేయడానికి ఒకప్పుడు దేశమంతా క్లోరిన్ గ్యాస్ వాడేవాళ్లు. అది డయాక్సిన్ల లాంటి విషాలకు దారి తీస్తుంది. దేశంలో మొదటగా 2002లో ఆ గ్యాస్ వాడకం లేకుండా గుజ్జు తీసింది ఈ మిల్లులోనే. జిల్లా మనిషిగా నాకు అది గర్వం.

పేపర్‌కూ బోర్డుకూ, అంటే అట్టకూ, తేడా మందం ఒక్కటే కాదు. బోర్డులో పొరలుంటాయి. పైపొరకు మంచి తెల్ల గుజ్జు, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గుజ్జు, పైన అచ్చు బాగా పడటానికి సుద్ద, చైనా క్లే పూత. మీ ఇంట్లో ఉన్న మాత్రల డబ్బానో, టూత్‌పేస్ట్ డబ్బానో చింపి అంచు చూడండి, పొరలు కనిపిస్తాయి.

జామాయిల్ నీళ్లన్నీ తాగేస్తుందంటారు. ఆ మాటను నేను కొట్టిపారెయ్యను. తోట గట్టు పక్కనున్న పొలంలో మొదటి నాలుగు సాళ్లు ఎలా ఉంటాయో మాకు తెలుసు. జామాయిల్ తోట అడవి కూడా కాదు. అందులో ఇప్పపువ్వు రాలదు, తునికాకు దొరకదు. దాన్ని పంటగా చూడండి, అంతే. వరి కోస్తే ప్రకృతి నాశనం అనం కదా. అడవి నరికి జామాయిల్ వేస్తానంటే మాత్రం నేనే అడ్డం నిలబడతా.

నా కోపం వేరే చోట ఉంది. చెట్ల మీద ఇంత జాలి చూపే జనం ఆ చెట్టు పెంచినోడి గురించి ఒక్క మెసేజ్ పెట్టరు. నాన్న నాలుగో ఏట కోత పెట్టాడు. కొంటానన్న దళారి ఎండాకాలంలో ఇరవై రోజులు లారీ పంపలేదు. కర్రకు ధర టన్నుల్లో కడతారు. నరికిన కర్ర రోజురోజుకూ ఎండి తేలికైపోతుంది. మేం నరికింది ఒక బరువు, మాకు డబ్బులొచ్చింది ఇంకో బరువుకు. ఆ ఇరవై రోజులూ నాన్న సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున లేస్తే ఆ కర్రల కుప్ప దగ్గరే.

పత్తికి మద్దతు ధర ఉంది, వరికి ఉంది. నాలుగేళ్లు భూమిని కట్టేసుకుని కూర్చునే కర్ర రైతుకు లేదు. నాటేటప్పుడే కనీస ధర రాసివ్వాలి. కోసిన వారంలోపు కాటా పడాలి, ఆలస్యమైతే ఎండిన బరువుకు పరిహారం కట్టాలి. చిన్న రైతు దళారి లేకుండా అమ్ముకునే కాటా మండలానికి ఒకటైనా ఉండాలి.

ఇప్పుడు మా మోళ్లకు చిగుళ్లొచ్చాయి. ఒక్కో మోడుకు రెండు ఉంచి మిగతావి తీసెయ్యాలి. ఇంకో నాలుగేళ్లు ఉంచుదామా, మోళ్లు పెకిలించి పత్తి వేద్దామా అని నాన్న నిన్న ఫోన్‌లో అడిగాడు. ఆదివారం వచ్చి మాట్లాడతానని చెప్పా.