శివారు ఇంటి లెక్కలో కలపని జీతం

హైదరాబాద్‌లో చిన్నపిల్లలున్న కుటుంబం సొంతిల్లు అనుకోగానే చూపు నగరం అంచుకే పోతుంది. ఘట్‌కేసర్, మేడ్చల్, శంకర్‌పల్లి, షాద్‌నగర్... బడ్జెట్‌ను బట్టి ఏదో ఒక దిక్కు. ఈఎంఐ ఎంత, అద్దె ఎంత మిగులుతుంది, ఆఫీసుకు ఎంతసేపు పడుతుంది అన్న మూడు లెక్కలు చూసుకుని రిజిస్ట్రేషన్‌కు వెళ్తారు. మూడో లెక్కలో ఆఫీసు అంటే చాలా ఇళ్లలో భర్త ఆఫీసే. భార్య ఉద్యోగం సంగతి "తర్వాత చూద్దాం" దగ్గర ఆగిపోతుంది. గృహప్రవేశం అయిన ఏడాదికో రెండేళ్లకో ఆ జీతం ఆగిపోతే, మిగిలిందనుకున్న అద్దె దానికి ఏ మూలకూ సరిపోదు. శివారుకు మారే కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడేనని నా అభిప్రాయం. ప్రభుత్వం అసలు పట్టించుకోనిదీ ఇదే.

ఘట్‌కేసర్‌నే తీసుకుందాం. పేపర్ మీద దానికి అన్నీ ఉన్నాయి. వరంగల్ హైవే, అవుటర్ రింగ్ రోడ్డు, పాత రైల్వే స్టేషన్, పక్కనే పోచారంలో ఐటీ క్యాంపస్. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా వచ్చింది. అంటే సికింద్రాబాద్‌లో దిగి మారే పని లేకుండా హైటెక్ సిటీ వైపు వెళ్లవచ్చు. కానీ ఆ రైళ్లు రోజు మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఉదయం ఒకటి తప్పితే తర్వాతి దాని కోసం స్టేషన్‌లో కూర్చోలేక జనం ఉప్పల్ బస్సెక్కుతారు. ఆ దారిలో 2018లో మొదలుపెట్టిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ ఆరు కిలోమీటర్ల పైచిలుకే. అది ఏళ్ల తరబడి పిల్లర్ల దగ్గరే ఆగిపోయింది. కింద ఉన్న రోడ్డు వానాకాలంలో గుంతలు, ఎండాకాలంలో దుమ్ము. ఉప్పల్ చేరితే మెట్రో ఉంది, నిజమే. ఉప్పల్ చేరడమే సమస్య.

2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచి పథకం, ఎందరికో నెలకు వేల రూపాయలు మిగిల్చింది. అయితే ఉద్యోగం చేసే తల్లికి చార్జీ ఒక్కటే కాదు, గంటలు కూడా కావాలి. పోనూ రానూ నాలుగు గంటలు రోడ్డు మీద గడిచిపోతే, ఆ నాలుగు గంటలు ఇంట్లో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి?

ఎల్‌కేజీ పిల్లాడి రోజు చూడండి. ఏడున్నరకో ఎనిమిదికో వ్యాను వస్తుంది. పన్నెండున్నరకు స్కూలు అయిపోతుంది. ఒంటిగంటకు వ్యాను గేటు ముందు ఆగి హారన్ కొడుతుంది. అప్పుడు చేయి అందించి దింపుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, లేకపోతే వ్యానతను పిల్లాణ్ని దింపడు, దింపకూడదు కూడా. ఈ ఒక్క హారన్ కోసం ఎంతమంది ఆడవాళ్లు ఉద్యోగాలు వదులుకున్నారో ఏ సర్వే లెక్కగట్టదు. 2023–24 కేంద్ర కార్మిక సర్వే ప్రకారం పట్టణాల్లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 28 శాతం. పల్లెల్లో అదే 47.6 శాతం. ఆ తేడాకు కారణాలు చాలానే ఉన్నాయి. పొలం ఇంటికి దగ్గర, ఆఫీసు ఇంటికి దూరం అన్నది వాటిలో ఒకటని నేను నమ్ముతాను.

డే కేర్ దొరకనిచోట, దొరికినా నమ్మకం కుదరనిచోట, ఊరి నుంచి అమ్మమ్మో నానమ్మో దిగుతుంది. మన శివారు పట్టణాలను నడిపిస్తున్నది నిజానికి వీళ్లే. నల్లగొండ నుంచో జనగామ నుంచో, గుంటూరు వైపు నుంచో వచ్చిన ఈ పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులతో రెండో అంతస్తు ఎక్కి దిగుతూ మనవడిని వ్యాను నుంచి దింపుకుంటారు, అన్నం పెడతారు, నిద్రపుచ్చుతారు. అక్కడ ఊళ్లో తాతయ్య ఒక్కడే వండుకుని తింటుంటాడు. ఇద్దరు కొడుకులుంటే ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. ఆమెకు తెలిసిన మనిషి ఆ కాలనీలో ఒక్కరూ ఉండరు. సాయంత్రం కూర్చోవడానికి అరుగు లేదు, పార్కు ఉండదు, గుడికి నడిచి వెళ్దామంటే హైవే దాటాలి. జీతం లేని ఈ చాకిరీ మీదే కొడుకు ఈఎంఐ కడుతున్నాడు. దీన్ని ప్రేమ అని మాత్రమే చెప్పి వదిలేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

చట్టం ఏమంటుంది? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు క్రెష్, అంటే పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే కేంద్రం, ఏర్పాటు చేయాలన్నారు. మంచిదే. కానీ మాదాపూర్‌లో ఉన్న క్రెష్‌కు ఘట్‌కేసర్ నుంచి రెండేళ్ల బిడ్డను రద్దీ రైల్లో తీసుకెళ్లే తల్లి ఎవరు? క్రెష్ ఉండాల్సింది ఇంటి దగ్గర. ఆ దారి కూడా ఉంది. కేంద్రం క్రెష్ పథకానికి పాల్నా అని పేరు మార్చి, అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా నడిపే వీలు కల్పించింది. కొత్త కాలనీల్లో అసలు అంగన్‌వాడీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి రావడమే చిక్కు.

అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లాంటివి మంజూరు చేసేది జనాభాను బట్టి. మన దగ్గరున్న జనగణన 2011 నాటిది. 2021లో జరగాల్సింది జరగలేదు, జనాభా లెక్కింపు ఇప్పుడు 2027కు పెట్టారు. అంటే పదిహేనేళ్లలో పొలాలు ప్లాట్లై, ప్లాట్లు అపార్ట్‌మెంట్లై, వేల కుటుంబాలు దిగిన చోటు సర్కారు లెక్కలో ఇంకా ఒక పెద్ద గ్రామమే. పాత నగరంలో జనం పెద్దగా పెరగని వార్డుకు ఈ జాప్యం వల్ల అంత నష్టం లేదు. పెరుగుతున్న ఊరికే దెబ్బంతా.



ఇల్లు చూడటానికి అందరూ ఆదివారం వెళ్తారు. రోడ్లు ఖాళీగా ఉంటాయి, ఏజెంట్ కారులో తిప్పుతాడు. దయచేసి ఒక బుధవారం మధ్యాహ్నం వెళ్లండి. ఒంటిగంటకు స్కూలు వ్యాన్లు ఎవరి కోసం ఆగుతున్నాయో చూడండి. రాత్రి తొమ్మిదికి బిడ్డకు నూటమూడు జ్వరం వస్తే చూసే పిల్లల డాక్టర్ ఎంత దూరంలో ఉన్నాడో పక్కింటివాళ్లను అడగండి. భార్య ఆఫీసు నుంచి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి, ఆ బస్సులో ఒకసారి ఇద్దరూ కలిసి రండి. ఆ తర్వాత ఈఎంఐ లెక్క వేసుకోండి.

ఇదంతా కుటుంబాల నెత్తిన వేసి ఊరుకోలేం. ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో అక్రమ లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధీకరించేటప్పుడు, ఖాళీ స్థలం వదలలేదన్న కారణంతో ప్లాటు విలువలో 14 శాతం అదనంగా వసూలు చేస్తున్నారు. పార్కు లేని కాలనీలో పార్కు లేనందుకు కట్టిన డబ్బు అది. ఆ డబ్బు ఆ కాలనీకే తిరిగి రావాలి. దానితో స్థలం కొని పార్కు వేయాలి, ఒక మూల ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిచే క్రెష్ కట్టాలి. 2025 చివర్లో ఘట్‌కేసర్, మేడ్చల్ సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిపారు కాబట్టి మా దగ్గర నిధులు లేవని చిన్న మున్సిపాలిటీ చెప్పే సాకు కూడా ఇక చెల్లదు. ఎంఎంటీఎస్ రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం వాటానే. ఉదయం, సాయంత్రం రెండేసి గంటలైనా ఇరవై నిమిషాలకో రైలు నడపమని రైల్వేను గట్టిగా అడిగే హక్కు దానికి ఉంది. మన కాలనీకి ఓటు అడగడానికి వచ్చేవాళ్ల ముందు సీసీ రోడ్డు కంటే ముందుగా క్రెష్, రైలు ఈ రెండూ పెడదాం.