సముద్రానికి ఏడాదికొక శనివారం చాలదా?

సముద్రాన్ని శుభ్రం చేయడంలో మనకంటూ ఒక సంప్రదాయం స్థిరపడి ఉంది. దానికి కేరళ వైపు నుంచి ముప్పు పొంచి ఉన్నదని గ్రహించిన విశాఖవాసిగా ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

సెప్టెంబరు మూడో శనివారం అంతర్జాతీయ తీరశుద్ధి దినం. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో ఇది మొదలైనప్పుడు, అక్కడివారు చెత్త ఏరడంతో ఊరుకోక, దొరికిన ప్రతి వస్తువునూ కాగితం మీద లెక్క రాసుకున్నారు. ఏది ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే రాకుండా ఆపవచ్చునని వారి అమాయకత్వం. మనం ఆ లెక్కల భాగాన్ని వదిలేసి ఫొటోల భాగాన్ని వృద్ధి చేసుకున్నాం.

అలాంటి ఒక శనివారం తెల్లవారుజామున నేనూ ఆర్కే బీచ్‌కు వెళ్లాను. టోపీ, టీషర్టు, ప్లాస్టిక్ చేతితొడుగులు, అరలీటరు నీళ్ల సీసా ఇచ్చారు. ముఖ్య అతిథి ఎనిమిదింటికి గాని రారని తెలియడంతో, అంతవరకు ఎవరూ తొందరపడి చెత్త ఎత్తకుండా కాపలా కాసే బాధ్యత మా మీద పడింది. తీరా ఆయన వచ్చేసరికి ఎత్తడానికి ఏమీ లేకపోతే ఎంత అప్రతిష్ఠ! కొందరు తాగేసిన సీసాలను ముందుచూపుతో అక్కడే వదిలి తమ వంతు సాయం చేశారు.

ఇక కేరళ సంగతి. 2017లో కొల్లం దగ్గరి శక్తికుళంగర రేవులో ‘శుచిత్వ సాగరం’ అని ఒకటి మొదలుపెట్టారు. వేటకు వెళ్లే పడవలకు సంచులిచ్చి, చేపలతో పాటు వలలో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి నీళ్లలోకి విసరకుండా ఒడ్డుకు తెమ్మన్నారు. రేవులో స్త్రీలు దానిని కడిగి, ఎండబెట్టి, వేరుచేసి, యంత్రంలో ముక్కలు చేయిస్తే, ఆ ముక్కలను తారులో కలిపి రోడ్లు వేశారు. మొదటి పది నెలల్లో 25 టన్నులు తేలింది. బాగానే ఉంది గాని, ఇందులో ముఖ్య అతిథి ఎక్కడ నిలబడాలి? రోజూ జరిగే పనికి ప్రారంభోత్సవం ఏ రోజున పెట్టుకోవాలి? పైగా ఆ స్త్రీలకు కూలి కూడా ఇస్తారట. కూలి ముట్టిన తర్వాత అది సేవ ఎలా అవుతుందో పెద్దలు ఆలోచించాలి.

అంకెల్లోనూ మనదే పైచేయి. 2022 ఆగస్టు 26న మన విశాఖ తీరంలో ఇరవై రెండు వేల మందికి పైగా చేరి ఒక్క ఉదయంలో 76 టన్నులు ఎత్తినట్టు ప్రకటించారు. ఫ్లెక్సీల నిషేధం కూడా ఆ రోజే ప్రకటించారు. దానికి దక్కిన గౌరవం తెలుసుకోగోరేవారు దగ్గరలోని ఏ కూడలికైనా వెళ్లి ఒకసారి తలెత్తితే చాలు.

చెత్త సముద్రంలోకి గెడ్డల మీదుగా, అంటే ఊరి మురుగును మోసుకొచ్చే వాగుల మీదుగా వస్తుంది కాబట్టి, గెడ్డ నోటికి అడ్డంగా జాలీలు కట్టి, పట్టిన చెత్తను ఏ పూటకాపూట తీసేయమని కొందరు సలహా ఇస్తున్నారు. ఇది దూరదృష్టి లేని మాట. చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటను 61 రోజులు ఆపుతారు. జాలరి ఇంట్లో కూర్చుంటాడు. గెడ్డలకు మాత్రం ఏ నిషేధమూ లేదు, ఉండకూడదు కూడా. అవి కూడా సెలవు తీసుకుంటే సెప్టెంబరులో మనం ఏరుకునేదేమిటి?

ముంబయి వెర్సోవా తీరంలో ఒక న్యాయవాది 2015 నుంచి పొరుగువారిని కూడగట్టి వారం వారం చెత్త ఎత్తించాడు. 2018లో ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు కనిపించాయి. సంతోషమే. కానీ తాబేళ్ల కోసం అన్ని ఆదివారాలు పాడుచేసుకోవడం గృహస్థులకు సాధ్యమా?

ఆ శనివారం ఉపన్యాసాలు సాగుతుండగానే, పక్కన జాలరులు అలివి వల లాగారు. గుప్పెడు కవ్వళ్లు, మిగిలినవన్నీ పాలిథిన్ కవర్లు. వాటిని దోసిళ్లతో తెచ్చి ఒక వృద్ధుడు, "బాబూ, ఇయ్యి కూడా మీ సంచుల్లో ఎయ్యమంటారా? మాకు రోజూ ఇంతే పడతన్నాయి. ఓ సంచి మా కాడ వదిలెళ్తే నింపి ఉంచుతాం," అన్నాడు. సంచులు లెక్కప్రకారం తిరిగి అప్పగించాలని, పైగా మా కార్యక్రమం ఇసుక మీది చెత్తకే పరిమితమని నిర్వాహకులు ఎంతో ఓపికగా ఆయనకు వివరించి, ఒక టోపీ పెట్టి పంపించారు.