లూప్ లైన్‌లో ఆగిపోయిన దర్శనం

కావలి స్టేషన్‌లో రాత్రిపూట యాత్రా రైలు కోసం కూర్చున్న గుంపును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. స్టీలు క్యారియర్‌లో పులిహోర, అట్టపెట్టెలో చెక్కలు, మురుకులు, చేతిసంచిలో విడిగా బీపీ, షుగర్ మాత్రలు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. టికెట్లు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు ఫోన్‌లో తీసినవి. చెప్పిన టైముకు రైలు రాదు. మైకు మోగదు. చివరికి ఒక పెద్దావిడ కొడుక్కి ఫోన్ చేస్తుంది. ‘‘అబ్బయా, మా రైలు యాడుందో చూసి చెప్పు.’’ కొడుకు బెంగళూరులో కూర్చుని యాప్ చూసి, ఇప్పుడే చీరాల దాటిందంటాడు. ఆ ముక్క ఒకరి నుంచి ఒకరికి ప్లాట్‌ఫాం చివరిదాకా పోతుంది. ఆ రాత్రికి అనౌన్స్‌మెంట్ అదే.

రైల్వే శాఖ 2021 నవంబరులో ‘భారత్ గౌరవ్’ పథకం తెచ్చాక మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు రైల్లో తీర్థయాత్ర తేలికైంది. సికింద్రాబాద్ నుంచి బయల్దేరే దక్షిణ యాత్ర రైలు అరుణాచలం, రామేశ్వరం, మదురై, కన్యాకుమారి, తిరువనంతపురం, తిరుచ్చి, తంజావూరు చూపించి 9 రోజుల్లో తిరిగి తెస్తుంది. ఒంగోలు, కావలి, నెల్లూరులో ఎక్కొచ్చు. రైలు, బస్సు, బస, భోజనం అన్నీ ఒకే డబ్బులో అయిపోతాయి. ఒకప్పుడు ఊళ్లో నలభైమంది కలిసి బస్సు మాట్లాడుకుని, వంటమనిషినీ గ్యాస్ పొయ్యినీ వెంటేసుకుపోయిన రోజులతో పోలిస్తే పెద్దవాళ్లకు ఇది ఎంతో సుఖం. ఇలాంటి రైళ్లు ఇంకా రావాలనే మేమూ కోరుతున్నాం. అందుకే వాటి ఆలస్యం గురించి రాయాల్సి వస్తోంది.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. యాత్రా రైలు రోజూ నడిచేది కాదు. టైంటేబుల్‌లో దానికంటూ నిలకడైన చోటు ఉండదు, రోజువారీ రైళ్ల మధ్య సందు చూసుకుని పోవాల్సిందే. విజయవాడ, గూడూరు మధ్య లైను దేశంలోనే బాగా రద్దీ ఉన్న వాటిలో ఒకటి. ఉత్తరాది నుంచి చెన్నైకి పోయే బళ్లు, తిరుపతి బళ్లు, కృష్ణపట్నం పోర్టు గూడ్సులు, వాటికి తోడు 2023లో వచ్చిన వందేభారత్‌లు. వెనక నుంచి వేగంగా వచ్చే బండికి దారి ఇవ్వాలంటే ముందున్నదాన్ని స్టేషన్‌లో పక్కగా ఉండే లూప్ లైన్‌లోకి తిప్పి ఆపాలి. మూడో లైను వేసేది ఈ బాధ కొంత తగ్గించడానికే. మనుబోలు, గూడూరు మధ్య 2.2 కిలోమీటర్ల పొడవున ఒక లైను మీదుగా మరో లైను పోయేలా వంతెన కట్టడం కూడా ఈ క్రాసింగ్ తిప్పలు తప్పించడానికే. ఇక వానాకాలం సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయినప్పుడు మద్రాసు దారి మొత్తం ఆగిపోయింది. అలాంటి ఆలస్యానికి ఎవరినీ తప్పుపట్టలేం.

మేం తప్పుపట్టేది లెక్కను. ఒక రైలు టైముకు నడిచిందా లేదా అన్నది ప్రధానంగా అది చివరి స్టేషన్‌కు ఎప్పుడు చేరిందన్న దాన్నిబట్టి చూస్తారు. నెల్లూరు నుంచి చెన్నైకి తరచూ పోయేవాళ్లకు ఈ చిత్రం బాగా తెలుసు. నెల్లూరుకు అరగంట లేటుగా వచ్చిన బండి చెన్నై సెంట్రల్‌కు దాదాపు టైముకే చేరిపోతుంది. గమ్యానికి ముందు చివరి స్టేషన్ల మధ్య అదనపు నిమిషాలు కలిపి ఉంచుతారు మరి. కావలిలో, సింగరాయకొండలో కాచుకున్నవాడి అరగంట ఏ లెక్కలోకీ రాదు. మామూలు రైలు కాబట్టి గొణుక్కుని సర్దుకుంటాం.

ఇదే లెక్క యాత్రా రైలుకు వేస్తే మొత్తం తలకిందులవుతుంది. దాని చివరి స్టేషన్ యాత్రికుడు బయల్దేరిన ఊరే. ఇంటికి టైముకు తెచ్చి దించితే రైలు టైముకు నడిచినట్టే. ఆ మధ్యలో మదురై దర్శనం తప్పిపోయినా సరే.

అతిశయోక్తి అనుకోవద్దు. మా కార్యాలయంలో పనిచేసే ఒకరి తల్లిదండ్రులు ఇలాంటి యాత్రకే వెళ్లొచ్చారు. నిర్వాహకుల పేరు ఇక్కడ అనవసరం. పొద్దున్నే మదురై చేరాల్సిన రైలు దారిలో మూడుచోట్ల ఆగి ఆగి పదకొండు దాటాక చేరింది. దిగి, లెక్క చూసుకుని, బస్సులెక్కి, ఊరి ట్రాఫిక్‌లో పడి గుడి దగ్గరికి పోయేసరికి పన్నెండున్నర. మీనాక్షమ్మ గుడి తలుపులు మధ్యాహ్నం మూస్తే మళ్లీ తీసేది నాలుగింటికే. అంతవరకు ఆగితే తర్వాతి చోటు పోతుందన్నారు. గోపుర దర్శనం చేసుకున్నా పుణ్యమేనమ్మా అని టూర్ కుర్రాడు సర్దిచెప్పబోతే ఆ తల్లి ఊరుకోలేదు. ‘‘గోపురమే చూడాలంటే మా నెల్లూరులో రంగనాయకుల గాలిగోపురం లేదా నాయనా? దానికి ఇంత దూరం రావాల్నా?’’ అంది. పాపం ఆ కుర్రాడి చేతిలో మాత్రం ఏముంది.

గుడి వేళలు రహస్యమేమీ కాదు. రామేశ్వరం గుడి మధ్యాహ్నం ఒంటి గంటకు మూస్తారు. 22 తీర్థాల స్నానం చేసి, తడిబట్టలు మార్చుకుని, మళ్లీ క్యూలో నిలబడాలంటే పెద్దవాళ్లకు మూడు గంటలైనా పడుతుంది. కన్యాకుమారిలో సూర్యోదయమైతే మళ్లీ సాయంత్రం తలుపు తీసే రకం కాదు. అదనపు నిమిషాలు పెట్టదలిస్తే పెట్టాల్సింది ఇక్కడ, ఒక్కో దర్శనానికి ముందు. 9 రోజుల్లో ఏడు ఊళ్లు అని పోస్టర్ మీద వేసుకోవడానికి బాగుంటుంది. ఆరు ఊళ్లే పెట్టి ఆరూ చూపిస్తే ఎవరు వద్దంటారు?

రైళ్లు ఇలా ఆగిపోవడం గురించి మాట్లాడుతుంటే బిట్రగుంట గుర్తుకొస్తుంది. కావలి దాటాక యాత్రా రైలు ఆ లూప్ లైన్‌లో గంట నిలబడిందనుకోండి, కిటికీలోంచి చూసే వరంగల్ యాత్రికుడికి అది చీకట్లో ఒక చిన్న స్టేషన్. ఆవిరి ఇంజన్ల కాలంలో అది పెద్ద లోకో షెడ్డు ఉన్న ఊరని, బళ్లు బొగ్గుకూ నీళ్లకూ తప్పనిసరిగా ఆగేవని, రైల్వే కాలనీతో కళకళలాడేదని చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. పక్కనే కొండ మీద ప్రసన్న వేంకటేశ్వరుడు. మన మీదుగా పోయే ప్రతి యాత్రా రైలుకూ మనం ఎక్కే చోటే తప్ప చూసే చోటు కాదు. సింగరాయకొండ నరసింహస్వామి, పాకల తీరం, జొన్నవాడ కామాక్షమ్మ, అటు గుంటూరు, నంద్యాల లైను మీద మార్కాపురం చెన్నకేశవుడు, కంభం చెరువు. ఒక్క పూట ఆగినా చాలినన్ని ఉన్నాయి. దీని గురించి ఇంకోసారి వివరంగా రాస్తాం.

పరిహారం సంగతికొద్దాం. మామూలు టికెట్టుకు ఒక నిబంధన ఉంది. రైలు 3 గంటలకు మించి లేటైతే, ఎక్కకుండా మానుకున్నవాళ్లు పూర్తి ఛార్జీ వాపసు అడగొచ్చు. యాత్రలో నాలుగోరోజున ఉన్నవాడు ఎక్కడ మానుకుంటాడు? 2019లో లక్నో, ఢిల్లీ మధ్య తేజస్ రైలు మొదలైనప్పుడు గంట దాటిన ఆలస్యానికి 100 రూపాయలు, 2 గంటలు దాటితే 250 ఇస్తామని ప్రకటించారు. అంటే ఆలస్యానికి వెల కట్టడం చేతకానిదేమీ కాదు. అజ్మీర్, జమ్మూ రైలు 4 గంటలు లేటై విమానం తప్పిపోయిన ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యం తమ చేతిలో లేని కారణంతో జరిగిందని చూపించాల్సిన బాధ్యత రైల్వేదేనని కూడా స్పష్టం చేసింది. విమానం తప్పితే నష్టమైనప్పుడు, ఎనిమిది నెలలు పింఛన్ డబ్బులు కూడబెట్టి బయల్దేరిన ముసలి దంపతులకు అమ్మవారి దర్శనం తప్పితే నష్టం కాదా?

వినయంగానే అడుగుతున్నాం. రైలు లేటైందని తెలిసిన వెంటనే, రేపు ఏం చూస్తాం, ఏం వదిలేస్తాం అన్నది పడుకునే ముందే ప్రతి బోగీలో తెలుగులో చెప్పాలి. వదిలేయక తప్పనప్పుడు దేన్ని వదలాలో యాత్రికులను కూడా ఒక మాట అడగాలి. కొందరికి తంజావూరు తప్పిపోయినా పర్లేదు, మదురై తప్పిపోకూడదు. అర్ధరాత్రి ఎక్కించుకునే కావలి లాంటి స్టేషన్లలో ఆ ఒక్క రాత్రికైనా వెయిటింగ్ హాలు తాళం తీసి, బోగీ ఎక్కడ ఆగుతుందో చెప్పే మనిషిని పెట్టాలి. రెండు నిమిషాలు ఆగే బండికి పెట్టెలతో ప్లాట్‌ఫాం పొడవునా పరుగెత్తడం డెబ్బై ఏళ్లవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

టికెట్టుతో పాటు ఇచ్చే యాత్రా పత్రంలో బోగీ నంబరు, బెర్తు, తినే తిండి, బస చేసే గది రకం అన్నీ ఉంటాయి. అందులోనే, ఏ దర్శనం తప్పితే ఎంత వెనక్కి ఇస్తారో ఒక్క లైను చేర్చి వచ్చే యాత్ర రైలును కదిలించమనండి.