చెట్టు మీది ఐసొలేషన్‌కు ప్రభుత్వ గుర్తింపు ఇవ్వాలి

మహమ్మారి మళ్లీ వచ్చినప్పుడు వాడవాడలా తాత్కాలిక క్వారంటైన్ ఆవాసాలను ఎలా కట్టాలో తేల్చడానికి నిపుణుల సంఘాన్ని వేయనక్కరలేదని, అందుకు తగిన నమూనా నల్లగొండ జిల్లాలోని కొత్తనందికొండలో 2021 మే నెలలోనే సిద్ధమైందని ప్రభుత్వానికి సవినయంగా విన్నవించుకుంటున్నాను. కరోనా సోకిన 18 ఏళ్ల విద్యార్థి ఒకరు, ఇంట్లో వేరుగా ఉండే వీలు లేక, ఇంటి ఆవరణలోని చెట్టుకు వెదురు కర్రలతో మంచె కట్టుకుని దాని మీదే 11 రోజులు గడిపారు. అంతకు ముందు ఏడాది మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో, చెన్నై నుంచి తిరిగి వచ్చిన ఏడుగురు కూలీలు చెట్టు కొమ్మలకు మంచాలు కట్టుకున్నారు. రెండు రాష్ట్రాలు, రెండు విడతలు, ఒకటే వాస్తుశిల్పం. ఇంతకు మించిన క్షేత్రస్థాయి పరీక్ష ఏముంటుంది?

ఇంటి వద్ద ఐసొలేషన్‌కు గాలి వెలుతురు ధారాళంగా వచ్చే విడి గది, వీలైతే దానికే ప్రత్యేకమైన మరుగుదొడ్డి ఉండాలని అధికారులు చెప్పారు. దేశంలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయని 2011 జనగణన చెప్పింది. ఈ రెండు కాగితాలూ ఒకే ప్రభుత్వానివే అయినా, వేర్వేరు బీరువాల్లో ఉండడం వల్ల వాటికి పరస్పర పరిచయం కలగలేదు. చెట్టు మాత్రం మొదటి నిబంధనను తు.చ. తప్పకుండా పాటించింది. గాలికి కొదవ లేదు, వెలుతురుకు కొదవ లేదు, భౌతిక దూరమైతే నిలువుగానే కుదిరింది.

పోటీకి వచ్చిన మరో నమూనా రైలు పెట్టె. రైల్వే శాఖ 2020లో 5,231 బోగీలను ఐసొలేషన్ వార్డులుగా మార్చింది. మధ్య బెర్తులు తీసేసి, కొన్ని మరుగుదొడ్లను స్నానాల గదులుగా మలచిన ఆ శ్రద్ధను తక్కువ చేయలేను. అయితే పట్టాలు లేని ఊరికి బోగీ రాదు, వేసవి ఎండలో నిలబెట్టిన ఇనుప పెట్టెలో మనిషి నిలవడు. చెట్టుకు ఈ రెండు చిక్కులూ లేవు.

కాబట్టి మర్రికి ఆరు, వేపకు రెండు, చింతకు నాలుగు పడకల చొప్పున సామర్థ్యం నిర్ణయించి, ప్రతి కొమ్మకూ జియోట్యాగింగ్ చేయించి, మంచె బలానికి ఇంజినీరు ధ్రువపత్రం ఇప్పించాలి. ప్రారంభోత్సవ శిలాఫలకాన్ని చెట్టు మొదలు దగ్గర బిగిస్తే దానికి హాని జరగదని నా అంచనా.

నమూనాలో ఒక లోపమున్న మాట దాచను. కొత్తనందికొండలో ఆ విద్యార్థి చెట్టెక్కిన తర్వాత గాని ఊళ్లోని ఎస్టీ హాస్టల్ ఐసొలేషన్ కేంద్రం కాలేదు. కప్పు, గోడలు, మరుగుదొడ్లు, ఇంటి నుంచి అన్నం క్యారియరు నడిచి తెచ్చేంత దగ్గరితనం అన్నీ ఉన్న భవనం, పిల్లలను ఇళ్లకు పంపేసి ఖాళీగానే ఉన్న రోజులవి. కొత్తగా కట్టవలసింది ఏమీ లేదు. నీళ్ల ట్యాంకు నింపి, రాత్రి పిలిస్తే పలికే మనిషినొకరిని పెట్టి, ఆడవాళ్లకు లోపల గడియ ఉన్న గది, కూలి పోగొట్టుకున్నవారికి ఆ రోజుల బియ్యం, పప్పు చూస్తే సరిపోయేది. ఇంత సులువైన పనికి అంచనాలు తయారు కావు, అంచనాలు లేని పనికి ఫైలు కదలదు.

ఇక నిండు చూలాలు, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ చెట్టెక్కలేరన్న అభ్యంతరం మిగులుతుంది. వారి కోసం హాస్టల్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో పంచాయతీ గోడ మీద రాయించాలని ప్రతిపాదిస్తున్నాను. టెండరు పిలవడానికి వీల్లేని ప్రతిపాదన కనుక, ఇది తొలి పరిశీలనలోనే తిరస్కరణకు గురవుతుందని నాకు తెలుసు.