ట్రేడ్ డెడ్‌లైన్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ ఎన్‌బీఏ ట్రేడ్ డెడ్‌లైన్ గారి సముఖమునకు,

డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి, డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ అభిమాని ఒకరు వ్రాయు ఉత్తరం. ఉభయకుశలోపరి. ఇది ఆనవాయితీ కొద్దీ రాసిన మాట. 2025 ఫిబ్రవరి 1 రాత్రి తర్వాత ఈ చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ చూసేవాళ్లెవరూ కుశలంగా లేరని మీకూ తెలుసు.

ముందుగా మీ గొప్పతనం ఒప్పుకోవాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో సీజన్ మధ్యలో జట్లు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు తమరే. ఫిబ్రవరిలో ఒక గురువారం, న్యూయార్క్ గడియారం మధ్యాహ్నం మూడు కొట్టగానే మీ తలుపు మూసుకుంటుంది. మాకిక్కడ రెండు. ఆ పూట ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసుకుని కూర్చుంటాను. విజయవాడలో మా తమ్ముడికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. దుప్పట్లో ఫోన్ పెట్టుకుని మేలుకుంటాడు. ఇంతా చేసి వాడు చూసేది ఆట కాదు. ఒక్క బంతి కూడా నేలకి తగలదు. ఎవరు ఏ ఊరికి అమ్ముడుపోయారన్న చిట్టా, అంతే. ఆ వెనకే వచ్చే శివరాత్రికి జాగారం చెయ్యరా అంటే మాత్రం పదింటికే ఆవలిస్తాడు.

డిసెంబరు 15 నుంచి మీ సీజన్ మొదలు. వేసవిలో కొత్తగా సంతకం పెట్టిన ఆటగాళ్లలో చాలామందిని ఆ రోజు నుంచి బేరం పెట్టొచ్చు కదా. ఇక మీ పెళ్లిళ్ల పేరయ్యలు, అదే పుకార్లు మోసే విలేకరులు, బయల్దేరతారు. "ఫలానా జట్టువాళ్లు ఆసక్తిగా ఉన్నారట." "ఫోన్ చేసి అడిగారట." "పరిస్థితిని గమనిస్తున్నారట." మా అక్కకి సంబంధాలు చూసిన రెండేళ్లూ సరిగ్గా ఇవే మాటలు విన్నాం. అడిగారంటే అడిగారనే అర్థం. అక్క ఫోటో ఎన్నిళ్లు తిరిగిందో లెక్కలేదు, మేం ఒక్కరికీ కాఫీ పెట్టింది లేదు.

మీ కట్నకానుకల పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. బేరంలో ఉన్న ప్రతి జట్టూ ఏదో ఒకటి ఇచ్చి తీరాలన్నది మీ రూలు. ఇవ్వడానికి మనసొప్పనివాళ్లు "టాప్-55 ప్రొటెక్టెడ్" అని రెండో రౌండ్ పిక్ ఒకటి చేతిలో పెడతారు. పిక్ అంటే డ్రాఫ్ట్‌లో, అదే ఏటా జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఒక వంతు. డ్రాఫ్ట్‌లో రెండు రౌండ్లూ కలిపి మామూలుగా ఉండేవి 60 స్థానాలు. మొదటి 55లో పడితే పిక్ మాదే, ఆ తర్వాత పడితే నీది. గోదావరి మధ్యలో లంక భూమి రాసిచ్చి, వరద రాని ఏడు దున్నుకోమన్నట్టు. పుచ్చుకున్నవాళ్లు కూడా నవ్వకుండా సంతకం పెడతారు చూశారూ, అక్కడ నేను దండం పెడతాను.

2018 డిసెంబరులో జరిగిన తమాషా మీకు గుర్తుండే ఉంటుంది. వాషింగ్టన్, ఫీనిక్స్, మెంఫిస్ జట్ల మధ్య ముక్కోణపు బేరం కుదిరింది. వార్త లోకమంతా పాకింది. తీరా చూస్తే మెంఫిస్‌లో బ్రూక్స్ అనేవాళ్లు ఇద్దరు. పంపుతున్నది మార్షాన్ బ్రూక్స్‌ని అని మెంఫిస్, వస్తున్నది డిల్లన్ బ్రూక్స్ అని ఫీనిక్స్. బేరం తెల్లారేసరికి పెటాకులు. మా ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు సత్యనారాయణలున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో తండ్రి పేరు, తాత పేరు, సర్వే నంబరు చెబితే గానీ సెంటు భూమి కదలదు. కోట్ల డాలర్ల బేరంలో మీవాళ్లకి పూర్తి పేరు అడగాలని తోచలేదు.

ఇవన్నీ నవ్వుకునేవే. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ ఫిబ్రవరి 1, శనివారం రాత్రి స్నేహితుల ఇంట్లో పాట్‌లక్. పదకొండు దాటింది. మిగిలిన పులిహోర ఎవరు పట్టుకెళ్లాలన్న దగ్గర మొహమాటాలు నడుస్తున్నాయి. నేను అల్యూమినియం ట్రే అంచుల మీద ఫాయిల్ నొక్కుతున్నాను. తొమ్మిదేళ్ల మావాడు మా జట్టు స్టార్ లూకా 77 నంబరు జెర్సీలోనే సోఫాలో నిద్రపోయాడు. ఇంతలో నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఎన్‌బీఏ వార్తలు అందరికన్నా ముందు చెప్పే విలేకరి షామ్స్ చరానియా పోస్ట్: లూకా డాన్చిచ్ లేకర్స్‌కి, ఆంథొనీ డేవిస్ డాలస్‌కి.

ఎవరూ నమ్మలేదు. ఒకాయన కళ్లజోడు పైకెత్తి ఆ అకౌంట్ పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు, ఎక్కడో ఒకటి తేడా ఉండే ఉంటుందని. ఇంకొకావిడ హ్యాక్ అయిందన్నారు. క్రికెట్ తప్ప ఏదీ పట్టని మా ఆయన, "అతను వీళ్లకి కోహ్లీ లాంటివాడా?" అని అడిగారు. అవునన్నాను. "కోహ్లీని ఎవరమ్ముతారు?" అని మళ్లీ పెరుగుపచ్చడి గిన్నె వెతుక్కోవడంలో పడిపోయారు. ఫాయిల్ మీద నా వేలు దిగి చిరిగింది. పులిహోర చివరికి ఎవరు తీసుకెళ్లారో గుర్తు లేదు.

పాతికేళ్ల పిల్లాడు. ఎనిమిది నెలల ముందు జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లినవాడు. అతని కోసం వచ్చింది డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 నాటి మొదటి రౌండ్ పిక్ ఒక్కటంటే ఒక్కటి. జీతాలు తూగాలన్న మీ లెక్కకి తప్పులేదు లెండి. లూకా జీతం, డేవిస్ జీతం, రెండూ 4 కోట్ల 30 లక్షల డాలర్ల దగ్గరే. తక్కెడ ముల్లు కదల్లేదు.

నా కడుపుమంట అది కూడా కాదు. అంతకాలంగా మీ పేరయ్యలు పొద్దున్నొకటి సాయంత్రమొకటి కబుర్లు మోశారు కదా, ఈ ఒక్కటి ఎందుకు మోయలేదు? మా అప్పటి జనరల్ మేనేజర్ నికో హారిసన్, లేకర్స్ తరఫున రాబ్ పెలింకా జనవరిలో కాఫీ తాగుతూ మొదలుపెట్టి గుట్టుగా ముగించేశారు. మా తాత పశువుల సంతలో ఇలాగే చేసేవాడు. కండువా కింద చెయ్యి చెయ్యి పట్టుకుని వేళ్లతో అంకెలు చెప్పుకోవడం, పక్కనున్నవాడికి అంతుపట్టకపోవడం. కాకపోతే మా తాత నలుగురు బేరగాళ్లని చూసి గానీ ఎద్దుని ఇచ్చేవాడు కాదు. హారిసన్ నలుగురినీ పిలిచి బేరం పెట్టలేదు. ఎందుకిలా చేశారని అడిగితే, డిఫెన్సే ఛాంపియన్‌షిప్ తెస్తుందని నమ్ముతున్నానన్నారు. ఆ డిఫెన్స్, అదే డేవిస్, మా జెర్సీలో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గాయంతో లోపలికెళ్లిపోయింది.

ఆటగాడి మాట ఎవరడిగారు గనక. 2019లో ఇదే డాలస్‌లో హారిసన్ బార్న్స్ మ్యాచ్ ఆడుతుండగానే శాక్రమెంటోకి అమ్ముడుపోయాడు. లోపలికి వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. మిగతా మ్యాచ్ అంతా బెంచ్ మీద కూర్చుని, అప్పటికే తనది కాని జట్టుకి చప్పట్లు కొట్టాడు. బెంచ్ అంటే ఏమిటో ఇర్వింగ్ తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు అయిపోయాక, కన్సల్టెన్సీ ఏ ఊరు పంపిస్తుందోనని సూట్‌కేసు సర్దుకుని కూర్చున్నవాళ్లమే మేమంతా. ఆయనకి కోట్లొస్తాయి, మాకు రావు, నిజమే. ఆ రాత్రి ఆయన కూర్చున్న తీరు మాత్రం నాకు బాగా తెలిసిన తీరు.

లూకా పోయిన నాలుగైదు రోజులకే లేకర్స్‌ చేసిన ఇంకో ఘనకార్యం: షార్లట్‌కి డాల్టన్ నెక్ట్‌ని, కామ్ రెడిష్‌ని, ఒక మొదటి రౌండ్ పిక్‌ని ఇచ్చి మార్క్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. వైద్యపరీక్షలు కుదరలేదని బేరం రద్దు. వీడ్కోలు చెప్పించుకున్న నెక్ట్ పెట్టె పట్టుకుని మళ్లీ పాత లాకర్ దగ్గరికి. మొహాలు ఎలా చూసుకున్నారో.

లూకా సంగతి ఆ మర్నాడు, ఆదివారం పొద్దున, మావాడికి నేనే చెప్పాను. వాడు ఏడవలేదు. "ఎవరు చెప్పారు? నువ్వు రోజూ చెప్పేవేవీ జరగవు కదా" అన్నాడు. మీ పుకార్లు వినీ వినీ వాడికి వచ్చిన జ్ఞానం. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో ఇక్కడికొచ్చి, తన పాత వీడియో చూస్తూ తువ్వాలుతో కళ్లొత్తుకుని, ఆ తర్వాత మా మీదే 45 పాయింట్లు వేశాడు. అప్పుడు ఏడ్చాడు మావాడు.

అదే ఏడు నవంబరులో నికో హారిసన్ ఉద్యోగం పోయింది. దానికి మీ డెడ్‌లైన్‌తో పని పడలేదు. ఈలోగా 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ లాటరీ తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కొత్త కుర్రాడు మా ఇంటికొచ్చాడు.

అతని విషయంలోనే తమరికి ఒక మనవి. దయచేసి మీ పేరయ్యలందరికీ చెప్పి ఫ్లాగ్ మీద రోజుకొక పుకారు పుట్టించండి. బోస్టన్ అడిగిందనండి, మయామి గమనిస్తోందనండి, ఫోటోలు అతికించండి. అతని పేరు వాళ్ల నోట్లో నానుతున్నంత కాలం నాకు నిద్ర పడుతుంది. ఏ రోజైతే అంతా సద్దుమణిగి అతని ఊసెత్తేవాడే ఉండడో, ఆ రోజు ఎవరెవరు కాఫీకి వెళ్లారో వాకబు చేస్తాను.

ఇట్లు,
తమ విధేయురాలు

తా.క. మావాడు ఫ్లాగ్ 32 నంబరు జెర్సీ కొనమని ఒకటే గొడవ. మీ గురువారం దాటనివ్వరా అన్నాను.